అడవి, గుట్టలు, మైదానం: మూడింటికీ ఒకే రైఫిల్ సరిపోతుందా?

కొత్త గురి:
లైసెన్సు చేతికొచ్చింది. సీజన్‌కి ఇంకా మూడు నెలలుంది. జింకల కోసం, అప్పుడప్పుడు అడవి పంది కోసం నేను తిరగబోయేవి మూడు రకాల చోట్లు. ఒకటి చెట్లూ డొంకలూ కలిసిపోయిన అడవి, యాభై మీటర్లు దాటితే ఏమీ కనపడదు. రెండోది నిటారుగా ఉండే రాతి గుట్టలు. మూడోది గడ్డి మైదానం, అక్కడ జంతువు 300 మీటర్ల అవతల కూడా తేటగా కనిపిస్తుంది.

ఒక స్నేహితుడు ".300 విన్చెస్టర్ మాగ్నమ్ తీసుకో, ఎక్కడికైనా పనికొస్తుంది" అంటున్నాడు. మందు ఎక్కువ పట్టే తూటా అది, భుజాన్ని గట్టిగా తంతుంది. అతని రైఫిల్‌తోనే రేంజిలో ఐదు రౌండ్లు కాల్చాను. మూడో రౌండు నుంచి ట్రిగ్గర్ మీద వేలు పెట్టగానే కళ్లు వాటంతటవే మూసుకుపోయాయి. ఇంకొకాయన మూడు చోట్లకి మూడు రైఫిళ్లు ఉండాల్సిందే అంటాడు. నేను కొనగలిగింది ఒక్కటే. ఏ క్యాలిబర్ (తూటా రకం) తీసుకోమంటారు?

పాత బోల్ట్:
క్యాలిబర్‌తో మొదలుపెట్టకండి. నేను అక్కడే మొదలుపెట్టి చెయ్యి కాల్చుకున్నాను.

నా మొదటి రైఫిల్ 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్. 26 అంగుళాల బ్యారెల్, దాని మీద 6-24 స్కోప్, అంటే 6 నుంచి 24 రెట్లు పెద్దగా చూపే గురి దుర్భిణి. గోడకి ఆనించి పెడితే చూడముచ్చటగా ఉండేది. దాన్నే అడవిలోకి తీసుకెళ్లాను. రెండడుగులకోసారి బ్యారెల్ ఏదో ఒక తీగకి తగులుకునేది. మధ్యాహ్నం పది గజాల్లో పొద కదిలింది, పంది బయటికొచ్చింది. స్కోప్‌లో కన్ను పెడితే మసకమసగ్గా నల్లటి వెంట్రుకలు తప్ప ఇంకేమీ లేవు. అది భుజమో, తొడో, పొట్టో తెలియలేదు. ఆ స్కోప్‌లో 6 కంటే తగ్గించడానికి లేదు మరి. కన్ను తీశాను, మళ్లీ పెట్టాను, మళ్లీ తీశాను. అది ముట్టెతో మట్టి కెలికి, ఒకసారి గుర్రుమని, నింపాదిగా వెళ్లిపోయింది. తూటా శక్తి చాలక తప్పిపోయింది కాదు కదా!

అందుకే ఎవరడిగినా నేను ముందు మూడు సంగతులు అడుగుతాను. అక్కడ ఎంత దూరం కనపడుతుంది? తుపాకీ భుజాన ఎన్ని గంటలు మోయాలి? కాల్చేటప్పుడు దేనికి ఆనించుకుంటారు? వీటికి జవాబు దొరికితే బ్యారెల్ పొడవు, బరువు, స్కోప్ తేలిపోతాయి. క్యాలిబర్ చివర్లో చూసుకోవచ్చు.

అడవి ఒక్కటే అయితే పొట్టి బ్యారెల్ లివర్ యాక్షన్ (ట్రిగ్గర్ దగ్గరి మీటను కిందికి లాగి తూటా ఎక్కించేది) చెప్పేవాణ్ని. .30-30 విన్చెస్టర్ 1895 నుంచీ చేస్తున్న పని అదే. కానీ దాని మ్యాగజైన్ గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొన తేలిన బుల్లెట్ ముందు తూటా ప్రైమర్‌కి (అడుగున మందుని అంటించే బిళ్లకి) గుచ్చుకుంటే ప్రమాదమని మొద్దు ముక్కు బుల్లెట్లు వాడతారు. అవి దూరం పోయేకొద్దీ గాలిలో త్వరగా వేగం కోల్పోతాయి, కాబట్టి మీ మైదానానికి కుదరదు. బరువైన బుల్లెట్ కొమ్మల్ని కోసుకుంటూ పోతుందని చాలామంది చెబుతారు, నమ్మకండి. కొమ్మ తగిలితే ఏ బుల్లెటైనా దారి తప్పుతుంది. సందు దొరికేదాకా ఆగాల్సిందే.

గుట్టల్లో అసలు పరీక్ష బరువు. ఆ మాగ్నమ్ అన్నీ కలిపి దాదాపు ఐదు కిలోలు. ఎక్కి పైకి చేరేసరికి నా ఛాతీ ఎగిరెగిరి పడుతుంటే స్కోప్‌లో గురి గీత జంతువు వీపు దగ్గర్నుంచి కాళ్లదాకా ఊగింది. అలాగని మరీ తేలిక కూడా వద్దు. అదే తూటా తేలిక రైఫిల్‌లో ఇంకా గట్టిగా తంతుంది. మీకు ఇప్పటికే కళ్లు మూసుకుపోతున్నాయి. ఆ అలవాటు ముదిరితే పోగొట్టుకోవడం కష్టం.

వాలు సంగతి కూడా చెప్పాలి. పైకి కాల్చినా కిందికి కాల్చినా తూటా మీరు అనుకున్నదానికంటే పైనే తగులుతుంది, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది వాలు వెంట దూరం కాదు, అడ్డంగా ఉన్న దూరమే. 30 డిగ్రీల వాలులో 300 మీటర్ల గురి అంటే 260 మీటర్ల గురి కిందే లెక్క.

నా సలహా: .308 విన్చెస్టర్, బోల్ట్ యాక్షన్ (పక్కనున్న గడియ లాగి తూటా ఎక్కించేది), 22 అంగుళాల బ్యారెల్, 2.5-10×42 స్కోప్ (2.5 నుంచి 10 రెట్లు, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు). పట్టీ, తూటాలతో సహా మూడున్నర, మూడుముప్పావు కిలోల్లో ఉండాలి.

గాలివాటం:
పాత బోల్ట్ గారూ, అడవి, గుట్టల వరకు ఒప్పుకుంటాను. మైదానానికి మాత్రం నా ఓటు 6.5 క్రీడ్‌మూర్ అనే క్యాలిబర్‌కే. 2007లో వచ్చింది, అప్పట్లో నేనూ నవ్వాను. ఇప్పుడు అదే మోస్తున్నాను. 300 మీటర్లలోపు కిందికి పడటంలో .308కీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా గాలిలోనే. గంటకి 16 కిలోమీటర్ల అడ్డగాలి వీస్తుంటే 300 దగ్గర .308 బుల్లెట్ దాదాపు 20 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది, క్రీడ్‌మూర్ బుల్లెట్ ఐదారు సెంటీమీటర్లు తక్కువ జరుగుతుంది. పైగా భుజం మీద మెత్తగా ఉంటుంది.

ఇంకోటి, మైదానంలో తూటాని ఆపేదేమీ ఉండదు. తప్పిన తూటా మూడు కిలోమీటర్లు దాటి కూడా పోగలదు. వెనక మట్టి కట్టో, వాలో కనపడకపోతే కాల్చొద్దు. గుట్ట అంచున ఆకాశం ముందు నిలబడ్డ జంతువుకీ ఇదే వర్తిస్తుంది.

పాత బోల్ట్:
గాలి విషయంలో మీ మాటే రైటు. కొత్తవారికి క్రీడ్‌మూర్ ఇచ్చినా నేను గొడవపడను. అయితే ఆ ఐదారు సెంటీమీటర్లు ఉపయోగపడాలంటే ముందు 300 దగ్గర నిలకడగా కొట్టగలగాలి. మోకాలి మీద కూర్చుని నేను ఇప్పటికీ 200 దాటను.

తడి చెక్క:
ఎవరూ స్టాక్ (భుజానికి ఆనించే, బ్యారెల్‌ని మోసే భాగం) గురించి మాట్లాడలేదేంటి? నాది వాల్‌నట్ చెక్క. రెండు రోజులు వానలో నానాక గురి చూస్తే 100 మీటర్ల దగ్గర నాలుగు వేళ్లు ఎడమకి కొడుతోంది. స్కోప్‌ని, స్క్రూలని, చివరికి నన్ను నేను తిట్టుకున్నాను. తీరా చూస్తే చెక్క ఉబ్బి బ్యారెల్‌ని ఒక పక్కకి నొక్కుతోంది. తడి చోట్లకైతే సింథటిక్ తీసుకోండి. బ్యారెల్ కింద కాగితం దూర్చి చూడండి, ఎక్కడా పట్టుకోకుండా చివరిదాకా జారాలి.

కొత్త గురి:
అందరికీ థాంక్స్. నిన్న ఒకరి దగ్గర .308 సింథటిక్ అడిగి ఇరవై రౌండ్లు కాల్చాను. పదో రౌండుకి కళ్లు తెరిచే ఉన్నాయి! కాగితం కూడా జారింది. దాంతోనే వెళ్తున్నాను. ఒక్క డౌట్: నడిచేటప్పుడు స్కోప్ ఎంత మీద ఉంచాలి?

పాత బోల్ట్:
2.5 మీదే. మైదానంలో 300 దగ్గర మేసే జింక మీరు స్కోప్ రింగు తిప్పి పెంచేదాకా అక్కడే ఉంటుంది, పది గజాల్లో ఎదురైన పంది అలా ఆగదు. సందె చీకట్లో మాత్రం 6కి పెంచండి. 42ని 6తో భాగిస్తే 7 మిల్లీమీటర్లు, స్కోప్ నుంచి కంటికొచ్చే వెలుగు వెడల్పు అది. చీకట్లో కంటిపాప తెరుచుకునేది సుమారు అంతే. దానికంటే పెంచితే బొమ్మ మసకబారుతూ పోతుంది. నేను రింగు మీద 2.5 దగ్గర కాస్త జిగురు చుక్క పెట్టి ఎండనిచ్చాను. చూడకుండానే బొటనవేలికి తగులుతుంది.