లిస్టు అందరిదీ, అంకె మాత్రం ఎవరిది వారిదేనా?

ప్రశ్న:
రెండు రాత్రులుగా పైథాన్ ప్రోగ్రామింగ్ భాష‌లో ఒకే చోట తిరుగుతున్నాను. విద్యార్థి అనే క్లాసులో (ఆబ్జెక్టులను తయారుచేసే అచ్చులో), ఏ ఫంక్షన్‌లోనూ కాకుండా పైనే, మార్కులు అనే ఖాళీ లిస్టునూ హాజరు = 0 అనీ రాశాను. మొదటి ఆబ్జెక్టులో సెల్ఫ్.మార్కులు.అపెండ్(72) అని, ఆ ఆబ్జెక్టు ద్వారా లిస్టుకు 72 చేరిస్తే, రెండో ఆబ్జెక్టులోనూ 72 ప్రత్యక్షం. సరే, ఉమ్మడి ఆస్తి అనుకున్నాను. మరి సెల్ఫ్.హాజరు += 1 అని ఒకటి కలిపాక కూడా రెండోదానిలో 0 అలాగే ఉందేమిటి?

జవాబు 1:
ఈ గోతిలో నేనూ పడి లేచినవాణ్నే. కిటుకంతా += లో ఉంది. హాజరును చదవడానికి పైథాన్ ముందు ఆబ్జెక్టులో వెతుకుతుంది. అక్కడ లేదు కనుక క్లాసులోని 0 తెస్తుంది. ఒకటి కలిపాక రాసేది మాత్రం ఆబ్జెక్టులోనే! అప్పటినుంచి దానికి సొంత హాజరు ఉంటుంది, క్లాసులోది దాని చాటున ఉండిపోతుంది. అపెండ్ కొత్తగా ఏ పేరునూ రాయదు, ఉన్న లిస్టునే మారుస్తుంది. ఉమ్మడి లెక్క కావాలంటే విద్యార్థి.హాజరు += 1 అని రాయండి.

జవాబు 2:
జావా భాషలో స్టాటిక్ (క్లాసు మొత్తానికీ ఒక్కటే ఉండే) వేరియబుల్‌తో ఈ తికమక లేదు, ఆబ్జెక్టు ద్వారా రాసినా మారేది ఆ ఒక్క ప్రతే. రూబీ భాషలో @@ వేరియబుల్ (క్లాసు వేరియబుల్) ఇంకా మొండిది: పిల్ల క్లాసులో మారిస్తే తల్లి క్లాసులోనూ మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
రెండు ఆబ్జెక్టుల __డిక్ట్__ (ఆబ్జెక్టు సొంత పేర్ల పట్టిక) ప్రింట్ చేసి చూశాను. మొదటిదానిలో హాజరు 1, రెండోది ఖాళీ. మార్కులు రెండింటిలోనూ లేవు! ఎవరి లిస్టు వారికి ఉండేలా దాన్ని __ఇనిట్__లోకి (ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్‌లోకి) మార్చేశాను.