కసాండ్రాలో టూంబ్‌స్టోన్లు తగ్గడం లేదు, జీసీ గ్రేస్ తగ్గించవచ్చా?

అందరికీ నమస్కారం. పాల శీతలీకరణ కేంద్రాల్లో ట్యాంకుల ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న సిస్టమ్ చూసుకుంటున్నాను. డేటాబేస్ కసాండ్రా, 3 నోడ్లు (సర్వర్లు), రెప్లికేషన్ ఫ్యాక్టర్ 3 (ప్రతి డేటాకూ మూడు కాపీలు), చదవడం రాయడం రెండూ కోరమ్‌తోనే, అంటే మూడింట రెండు నోడ్లు ఒప్పుకోవాలి. ఒక్కో సెన్సర్ 30 సెకన్లకొక రీడింగ్ పంపుతుంది, అంటే రోజుకు 2,880. టీటీఎల్ (డేటా దానంతటదే చెరిగిపోయే గడువు) 7 రోజులు.

సెన్సర్ ఐడీ ఒక్కటే పార్టిషన్ కీ, అంటే ఒక సెన్సర్ డేటా అంతా ఒకేచోట పేరుకుంటుంది. ఇది నేను చేసిన తప్పేనని ఇప్పుడు అర్థమవుతోంది.

తెల్లవారుజామున నడిచే రిపోర్ట్ ఒక్కో సెన్సర్ డేటా మొత్తం చదువుతుంది. 5 సెకన్ల రీడ్ టైమౌట్ దాటి మధ్యలోనే ఆగిపోతోంది. లాగ్ తెరిస్తే ఒక్క క్వెరీకి బతికున్న వరుసలు 20 వేలు, టూంబ్‌స్టోన్లు (చెరిగిన డేటాకు మిగిలే గుర్తులు) 40 వేల పైన! టూంబ్‌స్టోన్ల హెచ్చరిక పరిమితి 1,000 మాత్రమే. కంపాక్షన్ (డేటా ఫైళ్లను కలిపి శుభ్రం చేసే పని) డిఫాల్ట్‌గా వచ్చిన సైజ్ టైర్డే, అంటే ఒకే సైజు ఫైళ్లను కలిపే పద్ధతి. జీసీ గ్రేస్ (టూంబ్‌స్టోన్‌ను తీసేసే ముందు ఆగే గడువు) కూడా ముట్టుకోలేదు, 10 రోజులే ఉంది. హీప్ (కసాండ్రా వాడే మెమరీ) పెంచి చూశాను, ఫలితం లేదు.

టైమ్ విండో కంపాక్షన్‌కి (ఒకే కాలపు డేటాను కలిపి ఉంచే పద్ధతి) మారి, కీలో తేదీ కలుపుదామనుకుంటున్నాను. నా భయమంతా జీసీ గ్రేస్ మీదే. ఒక రోజుకి తగ్గించాక ఏదైనా నోడ్ రెండు రోజులు పడిపోతే? పడిపోయిన నోడ్ కోసం మిగతావి దాచే రాతలు, అంటే హింట్లు, దాచేది 3 గంటలే కదా. మేం చేత్తో డిలీట్ ఎప్పుడూ చేయం, అన్నీ టీటీఎల్‌తోనే పోతాయి. అలాంటప్పుడు కూడా పాత రీడింగులు తిరిగి లేచే ప్రమాదం ఉందా? నడుస్తున్న క్లస్టర్‌లో ఈ మార్పు చేసినవాళ్లుంటే, ముందు రిపేర్ (నోడ్ల మధ్య డేటాను సరిచూసి సమం చేసే పని) నడపాలా, కంపాక్షన్ మార్చాలా, దయచేసి చెప్పండి.