దావీద్ గీసిన మరా బొమ్మ: క్రీస్తు పోలిక అప్పటివారికి తట్టిందా?

మా కళాశాల పత్రికకు జాక్ లూయీ దావీద్ చిత్రం ‘మరా మరణం’ మీద వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. చరిత్ర, చిత్రకళ తెలిసినవారు దారి చూపగలరా?

1793 జులై 13న పారిస్‌లో షార్లెట్ కోర్దే అనే యువతి ఫ్రెంచి విప్లవ నాయకుడు, పత్రికా సంపాదకుడు అయిన మరాను స్నానపు తొట్టిలోనే పొడిచి చంపింది. కన్వెన్షన్ (విప్లవకాలపు ఫ్రెంచి శాసనసభ) సభ్యుడైన దావీద్ నాలుగు నెలల్లో బొమ్మ గీసి సభకు అప్పగించాడు. మరాను వేధించిన చర్మవ్యాధి ఆ ఒంటిమీద దాదాపు కనిపించదు. హంతకురాలు బొమ్మలోనే లేదు. అతని చేతిలోని ఉత్తరంలో ఆమె పేరుంది. చెక్కపెట్టె మీద ఐదుగురు పిల్లల తల్లికి ఇమ్మని రాసిన చీటీ, దానితోపాటు ఒక నోటు. తలలు తెగాలని రాసిన సంపాదకుడు ఏమైపోయాడో! మిగిలింది సాయం చేయబోతూ చచ్చిపోయిన దయామయుడు.

వేలాడే ఆ కుడిచెయ్యి శిలువ నుంచి దించిన క్రీస్తును తలపిస్తుందంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. అయితే అవి విప్లవకారులు పారిస్‌లో చర్చిలు మూయిస్తున్న రోజులు కదా. ఈ పోలికను ఆనాటి ప్రేక్షకులు పసిగట్టారా, లేక ఇది తర్వాతి విమర్శకుల చూపా? 1793 నాటి సాక్ష్యం ఏదైనా ఉంటే చెప్పండి.

ఇంకొకటి. నమ్మినదాని కోసం ప్రాణమిచ్చినవాడిని ఫ్రెంచిలో ‘మార్తీర్’ అంటారు. దాన్ని తెలుగులో ఏమనాలి? ‘హతసాక్షి’ అంటే చర్చి వాసన, ‘అమరవీరుడు’ అంటే స్తూపం వాసన. ఈ బొమ్మకు రెండూ కావాలి, అదే చిక్కు.