కక్కిన వెంటనే మళ్లీ పాలు పట్టాలా?

చిన్నికన్నఅమ్మ: బాబుకి 10 వారాలు. తాగిన ప్రతిసారీ కక్కుతున్నాడు. కక్కాక మళ్లీ పట్టాలా, ఆకలేసేదాకా ఆగాలా? డబ్బాపాలు మారిస్తే తగ్గుతుందా?

రాత్రికాపలా: మాకు పాలసీసాతోనే వచ్చింది తంటా. నిపుల్ కన్నం పెద్దదై, గుటకగుటకకీ గాలి మింగేవాడు. పాలు నెమ్మదిగా వచ్చేది మార్చాం, మధ్యలో ఓసారి ఆపి తేన్పు రప్పించాం. సగానికి సగం తగ్గింది.

ఐదుగురిఅమ్మమ్మ: బోర్లా పడుకోబెట్టమ్మా. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకి అడ్డం పడవూ?

వార్డునర్సు: అమ్మా, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. 12 ఏళ్లు పిల్లల వార్డులో చేశాను. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకొచ్చిన పాలు మళ్లీ కిందికే జారతాయి. బోర్లా పడుకోబెడితేనే నిద్రలో ప్రాణం పోయే ముప్పు ఎక్కువ. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలయ్యాక అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి.

ఐదుగురిఅమ్మమ్మ: నా పిల్లలంతా బోర్లా పడుకునే పెరిగారు. చదువుకున్నారని పెద్దవాళ్లు చెప్పేదంతా తప్పంటారా?

వార్డునర్సు: మీ పెంపకాన్ని అనలేదు. ఆ పసివాడి గురించే నా భయం.

రాత్రికాపలా: పరుపు తల వైపు ఎత్తు పెడితే?

వార్డునర్సు: అదీ వద్దు. కిందికి జారి, మెడ వంగి, ఊపిరి ఆడకపోవచ్చు. తాగాక 20, 30 నిమిషాలు భుజాన నిటారుగా ఎత్తుకోండి, చాలు.

కుట్లుచూసినతల్లి: అందరూ పడుకోబెట్టడం గురించే కొట్టుకుంటున్నారు! మా పాప కక్కుతుంటే 'అందరు పిల్లలూ కక్కుతారు' అని పంపేశారు. ఐదో వారానికి పాలు అల్లంత దూరం చిమ్మేది, వెంటనే మళ్లీ ఆకలని ఏడ్చేది, బరువు తగ్గిపోయింది. పొట్ట నుంచి పేగులోకి వెళ్లే దారి బిగుసుకుపోయిందట, ఆపరేషన్ చేశారు. ఆకుపచ్చగా కక్కినా, రక్తం కనిపించినా, తడి డైపర్లు తగ్గినా ఆగకండి. ఆ రెండు వారాలు నేను ఊరుకున్నందుకు ఇప్పటికీ కుమిలిపోతున్నాను.

జంటపిల్లలఅమ్మ: మీ తప్పేం లేదండీ. నన్నయితే 'నీ పాలు పడట్లేదు' అని ఇంట్లో రోజూ అంటున్నారు. ఏడుస్తూనే పాలు పడుతున్నా.

వార్డునర్సు: పాలలో లోపం ఉండదు. అన్నవాహిక పొట్టలో కలిసే చోట ఉన్న కండరం ఇంకా బిగువు పట్టలేదు, అంతే. నాలుగో నెల చుట్టుపక్కల ఎక్కువై, ఏడాది నిండేలోపు చాలామందికి తగ్గిపోతుంది.

చిన్నికన్నఅమ్మ: మావాడు చిమ్మట్లేదు, నోటి పక్కనుంచి కారుతోంది. మరి మళ్లీ పట్టాలా?

జంటపిల్లలఅమ్మ: నోరు తెరిచి వెతుక్కుంటే పట్టండి, లేకపోతే బలవంతం వద్దు. నేను పిల్లలు కక్కిన ప్రతిసారీ మళ్లీ పాలు నింపి, ఇంకా కక్కించాను. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టడమే మాకు పనిచేసింది.

చిన్నికన్నఅమ్మ: ఇవాళ తూయించాం. వారంలో 190 గ్రాములు పెరిగాడు. డబ్బాపాల సంగతి ఎవరైనా చెప్పండి.