ఆవు గొప్పతనం లీటర్లలోనా, మిగిలే రూపాయల్లోనా?

పలమనేరు కుర్రోడు:
మా ఇంట్లో రెండు హెచ్చెఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు. పెద్దది ఈనిన కొత్తలో రోజుకి 20 లీటర్లు ఇచ్చింది. పాల సెంటర్లో మా నాయన మీసం మెలేసేది దాన్ని చూసుకునే. చిన్నది 14 దాటలేదు. నేను నోట్‌బుక్కులో రాస్తూ వచ్చాను. పెద్దది ఆ ఈతలో 4000 లీటర్లు ఇచ్చింది గానీ, ఎన్ని సూదులు (కృత్రిమ గర్భధారణ) వేయించినా త్వరగా చూడి నిలవలేదు. మళ్లీ ఈనేసరికి 18 నెలలు, అంటే 548 రోజులు. చిన్నది 3000 లీటర్లు ఇచ్చి 13 నెలలకే (395 రోజులు) ఈనింది. భాగిస్తే పెద్దదానికి రోజుకి 7.3, చిన్నదానికి 7.6 లీటర్లు! పెద్దదాన్ని అమ్మేద్దామని నేను. "ఇరవై లీటర్ల ఆవును అమ్మే తెలివి ఎవరు నేర్పార్రా?" అని నాయన. మీరేమంటారు?

చంద్రగిరి రైతు:
అమ్మెయ్. రెండూ 305 రోజులు పాలిచ్చాయనుకున్నా పెద్దది 243 రోజులు ఊరికే తిన్నట్టు, చిన్నది 90 రోజులే. ఆ గడ్డి డబ్బులు మీసం ఇవ్వదు కదా.

తిరుపతి వెటర్నరీ స్టూడెంట్:
భాగహారం సరిగ్గా చేశావు తమ్ముడూ, తీర్పే తొందరగా ఇచ్చావు. ఒంటి పోషణకు రోజుకి కిలోన్నర దాణా, పైన ప్రతి రెండున్నర లీటర్లకు ఒక కిలో అని మామూలు లెక్క. ఆ ప్రకారం పెద్దదానికి లీటరుకు పడేది 605 గ్రాములు, చిన్నదానికి 597. దాదాపు ఒకటే. అదే పెద్దది కూడా 395 రోజులకే ఈని ఉంటే రోజుకి 10 లీటర్లు దాటేది. నష్టం చేసింది ఆవు కాదు, ఆలస్యం. ఎద 21 రోజులకోసారి వస్తుంది, ఉండేది ఒక పూటో, కొంచెం ఎక్కువో. రాత్రిపూట వచ్చి పోతే మనకు తెలియదు, ఇంకో 21 రోజులు గోవిందా. ఎక్కువ పాలిచ్చే ఆవుకి ఈనిన కొత్తలో తిన్నది చాలక ఒళ్లు కరుగుతుంది, చూడి నిలవదు. దాణా, మినరల్ మిక్చర్ సంగతి చూసుకుని, పొద్దున ఎద కనబడితే సాయంత్రం సూది వేయించి చూడు. అప్పటికీ నిలవకపోతే అమ్ము.

కలికిరి అక్క:
అందరూ దాణా, గడ్డి లెక్క కడుతున్నారు. నాలుగున్నరకు లేచేది ఎవరు? రెండు పూటలా పాలు పిండడం, పేడ తీయడం, గట్టు మీద గడ్డి కోసి మోపు మోయడం, రెండు ఆవులకు రోజుకి నాలుగు గంటలు పడుతుంది నాకు. కూలికి పోతే ఎనిమిది గంటలకు 400 ఇస్తారు మా దగ్గర. అంటే 200. కుర్రోడా, మీ రెండు ఆవుల సగటు కలిపితే 15 లీటర్లు. లీటరుకి 13 రూపాయలు మీ అమ్మ జేబులోంచి పోతోంది. రాశావా నోట్‌బుక్కులో?

చంద్రగిరి రైతు:
అక్కా, ఆ నాలుగు గంటలు తెల్లారకముందు రెండు, చీకటి పడ్డాక రెండు. ఆ వేళ కూలి ఎవరిస్తారు? దొరకని కూలిని ఖర్చులో ఎట్లా వేస్తాం?

కలికిరి అక్క:
దొరకదు కాబట్టే ఊరికే చేయించుకుంటున్నారు.

లెక్కల మాస్టారు:
పంటలకైతే సీఏసీపీ (మద్దతు ధరలు సిఫార్సు చేసే కేంద్ర కమిషన్) వాళ్లు మూడు రకాలుగా లెక్క వేస్తారు. చేతి నుంచి పోయిన ఖర్చు ఏ2. ఇంటివాళ్ల చాకిరీ కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమి కౌలు, పెట్టుబడి వడ్డీ కూడా కలిపితే సీ2. పాలకు మద్దతు ధర లేదు కాబట్టి ఎవరూ అడగరు గానీ, ఇంట్లో మనం మనకు ఇలా వేసుకోకూడదని ఎవరన్నారు? పాల ధర వెన్న, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘన పదార్థాలు) చూసి ఇస్తారు, లీటర్లు మాత్రమే చూసి కాదు. ఆ కాలమ్ కూడా నోట్‌బుక్కులో లేదు.

పుంగనూరు అభిమాని:
వెన్న అన్నారు కాబట్టి దూరుతున్నా. పుంగనూరు పొట్టి నాటావు 3 లీటర్లు, 8 శాతం వెన్న అనుకోండి. 4 శాతం వెన్న ఉన్న పాల లెక్కలోకి మారిస్తే 4.8 కిలోలు. సీమావు 14 లీటర్లు, 3.5 శాతమైతే 13 కిలోలు. నాటావు 150 కిలోలు, సీమావు 450 అనుకోండి. ఒంటి బరువు వంద కిలోలకు నాది 3.2, మీది 2.9.

కలికిరి అక్క:
బాగుంది. ఆ 13 కిలోల కోసం నువ్వు మూడు పొట్టి ఆవుల కింద కూర్చోవాలి. కాళ్లు నీవేనా?

పలమనేరు కుర్రోడు:
అక్కా, నోట్‌బుక్కులో అమ్మకి ఒక కాలమ్ గీశాను. నాయన చూసి ఏమీ అనలేదు, టీ మాత్రం తనే పెట్టుకున్నాడు. పెద్దదానికి ఈసారి వేసిన సూదికి మూడో నెల నడుస్తోంది. శుక్రవారం డాక్టరు వచ్చి చెయ్యి పెట్టి చూస్తాడు. అంతదాకా బేరగాళ్లకు రావద్దని చెప్పాను.