సందేహం: విలియం మోర్గాన్ బిషప్ అయ్యాకే వెల్ష్ బైబిల్ తెచ్చారా?

ప్రశ్న: మా సంఘ పత్రికకు బైబిల్ అనువాదకుల మీద వ్యాసం రాస్తున్నానండి. వేల్స్‌కు చెందిన విలియం మోర్గాన్ దగ్గర ఆగిపోయాను. "బిషప్ మోర్గాన్ బైబిల్" 1588లో వచ్చిందంటారు. ఆయన బిషప్ అయిందేమో 1595లో! రేపటికి మ్యాటర్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమేనండి. పని చేసినప్పుడు ఆయన లాన్‌రేయాడర్ అనే మారుమూల ఊళ్లో వికారు, అంటే ఆ ఊరి చర్చి పాస్టరు. 1578లో అక్కడికి వెళ్లారు. కేంబ్రిడ్జిలో చదువుకున్న మనిషి, హీబ్రూ బాగా వచ్చు. బైబిల్‌ను వెల్ష్‌లోకి తేవాలని 1563లోనే పార్లమెంటు చట్టం చేసింది, 1567 మార్చి 1 గడువు పెట్టింది. గడువు ఏడాదిలో కొత్త నిబంధన, ప్రార్థన పుస్తకం మాత్రమే వచ్చాయి. కొత్త నిబంధనలో దాని ముఖ్య అనువాదకుడు విలియం సేల్స్‌బరీ వాడిన వర్ణక్రమం చదివేవాళ్లను బాగా ఇబ్బంది పెట్టింది. మోర్గాన్ దాన్ని సరిచేసి, పాత నిబంధనంతా తనే అనువదించారు.

అచ్చు పని లండన్‌లో. అక్కడ అచ్చుకు అక్షరాలు కూర్చే కంపోజిటర్లకు వెల్ష్ ముక్క రాదు. అందుకే ఆయన దాదాపు ఏడాది అక్కడే ఉండి ప్రూఫులు దిద్దుకున్నారు. వెస్ట్‌మినిస్టర్ చర్చి పెద్ద (డీన్) గేబ్రియల్ గుడ్‌మన్ తన ఇంట్లో ఉంచుకున్నారు. ఈ సంగతి మాత్రం వదలకండి, ఆయన పట్టుదల ఇక్కడే కనిపిస్తుంది.

ప్రశ్న: చాలా థాంక్సండి. మరి బిషప్ పదవి వచ్చాక కష్టాలు తీరాయా?

జవాబు: లేదండి. 1595లో ఇచ్చిన లాండాఫ్ చాలా పేద డయాసిస్ (బిషప్ కింద ఉండే ప్రాంతం). 1601లో సెయింట్ అసాఫ్‌కు మార్చారు. అక్కడ లాన్‌రూస్ట్ చర్చి దశమభాగాల ఆదాయం తనకు కౌలుకు ఇవ్వమని సర్ జాన్ విన్ అడిగారు. ఆ ప్రాంతంలో ఆయన మాటకు ఎదురులేదు, పైగా మోర్గాన్‌కు పాత పరిచయస్తుడు. అయినా చర్చి సొమ్మని మోర్గాన్ ఒప్పుకోలేదు. అనువాదం గొప్పదని అందరూ అంటారు గానీ, నాకు ఈ నిరాకరణ కూడా అంతే గొప్పగా అనిపిస్తుంది. 1604 సెప్టెంబర్‌లో పెద్దగా ఆస్తి లేకుండానే పోయారు.

ఇంకొకరి జవాబు: వేల్స్‌లో తరతరాలు చదివింది మాత్రం 1620 నాటి సవరించిన ప్రతి. ఆ సవరణ ఆయన తర్వాత సెయింట్ అసాఫ్ బిషప్ అయిన రిచర్డ్ ప్యారీ పేరుతో వచ్చింది. ఫొటో వేస్తే కింద ఏ సంవత్సరం ప్రతో చూసి రాయండి. వ్యాసంలో 1588 దగ్గర "అప్పటి వికారు, తర్వాత బిషప్" అని పెడితే సరిపోతుంది.