బత్తాయి తోట కాపలాకు రాట్‌వీలర్ తెచ్చుకోవచ్చా? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది

బత్తాయి_రైతు (నల్గొండ):

అందరికీ నమస్తే. మాది నల్గొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు మీద ఊరు. ఆరెకరాల బత్తాయి తోట, ఇల్లు కూడా తోటలోనే. రెండేళ్లలో మూడుసార్లు బోరు మోటారు కేబుల్ కోసుకుపోయారు, పోయినసారైతే స్టార్టర్ డబ్బా కూడా ఊడదీసుకుపోయారు, అప్పటి నుంచి రాత్రిపూట ఆకు కదిలినా లేచి కూర్చుంటున్నా.

హైదరాబాద్‌లో మా బావ దగ్గర 14 నెలల మగ రాట్‌వీలర్ కుక్క ఉంది. అపార్ట్‌మెంట్ వాళ్లు గొడవ చేస్తున్నారు, నువ్వు తీసుకుపో, పైసా ఇవ్వనక్కర్లేదు అంటున్నాడు. మా అమ్మ మాత్రం ఆ జాతి కుక్కలు పెంచినోళ్ల మీదికే వస్తాయి, చంటిపిల్ల ఉన్న ఇంట్లోకి వద్దే వద్దు అంటోంది. నిజంగా జాతిలోనే ఆ గుణం ఉంటుందా, లేక పెంపకాన్ని బట్టి ఉంటుందా? ప్రభుత్వం ఈ జాతిని నిషేధించిందని కూడా విన్నాను. కాయ కోతకు ఇరవై మంది దాకా కూలీలు వస్తారు, పగలంతా గొలుసుతో కట్టేసి రాత్రి వదిలేద్దామని నా ఆలోచన. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాలమూరు_రాటీ (జడ్చర్ల):

తమ్ముడూ, నేను పదకొండేళ్లుగా రాట్‌వీలర్లనే పెంచుతున్నా, ఇప్పుడున్నది రెండోది. నాకు ఈ జాతి అంటే ప్రాణం. అయినా ముందు చెప్పేది ఒకటే, అమ్మగారి మాట కొట్టిపారేయకు. 2022 జులైలో లక్నోలో కొడుకు పెంచుకున్న పిట్‌బుల్ అనే ఇంకో జాతి కుక్క ఇంట్లోనే 82 ఏళ్ల తల్లిని కరిచి చంపింది. ఆమె ఆ కుక్కకు కొత్త మనిషి కాదు.

జాతి సంగతి అడిగావు కాబట్టి చెప్తున్నా. రాట్‌వీలర్‌కు ఆ పేరు జర్మనీలోని రాట్‌వైల్ ఊరి మీద వచ్చింది, అక్కడ పశువులను తోలడానికి, కసాయి వాళ్ల బండ్లు లాగడానికి వాడేవాళ్లు. పిట్‌బుల్ కథ వేరు. ఇంగ్లండ్‌లో ఎద్దుల మీదికి కుక్కలను వదిలే ఆట ఉండేది, 1835లో దాన్ని నిషేధించాక కుక్కల పందేలు పెరిగాయి, ఆ పందేల కోసం తీసిన రకాల నుంచి వచ్చింది అది. అంటే దేన్ని ఏ పనికి పెంచారన్నది కొంత లెక్కకు వస్తుంది. కానీ 2022లో సైన్స్ పత్రికలో 18 వేలకు పైగా కుక్కల మీద చేసిన పరిశోధన వచ్చింది, కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతిని బట్టి వచ్చేది సుమారు 9 శాతమే అని తేల్చారు. అది చూసి ఊపిరి పీల్చుకోకు. ఎంత తరచుగా కరుస్తుంది అన్నది ఒక ప్రశ్న, కరిస్తే ఏమవుతుంది అన్నది ఇంకో ప్రశ్న. మగ రాట్‌వీలర్ 50 కిలోలు దాటుతుంది, నాలుగేళ్ల పాప ముఖం సరిగ్గా దాని నోటి ఎత్తులో ఉంటుంది. తప్పు ఒక్కసారే జరగొచ్చు, ఆ ఒక్కసారి చాలు.

ఇక గొలుసు ఆలోచన పూర్తిగా మానుకో. పగలంతా కట్టేసి ఉంచితే, వచ్చేపోయే కూలీలందరినీ చూస్తూ మొరుగుతూ, దగ్గరికి పోలేక, దూరం జరగలేక దానికి మనుషుల మీద కసి పెరుగుతుంది. అలాంటి దాన్ని రాత్రి వదిలితే మోటారు దొంగ ఎవరో, తెల్లారకముందే నీళ్లు కట్టడానికి వచ్చే మనిషి ఎవరో అది చూడదు. పైగా మన దగ్గర మేలో 44 డిగ్రీలు, దానికి నల్లటి ఒత్తు బొచ్చు, రేకుల కింద కట్టేస్తే ప్రాణం పోతుంది.

ఇంకో సంగతి, 14 నెలలంటే అది ఇంకా సగం పిల్లే. రెండు మూడేళ్లకు గానీ దాని అసలు తీరు బయటపడదు. 3 వారాల నుంచి 14 వారాల వయసులో పిల్లలను, ముసలివాళ్లను, బండ్లను, వేరే జంతువులను చూస్తూ పెరిగిందా లేక బాల్కనీలోనే ఉందా, బావను అడుగు. అన్నం గిన్నె దగ్గరికి ఎవరైనా పోతే ఏం చేస్తుందో కూడా అడుగు, అడగడం కాదు, పోయి కళ్లారా చూడు. ఫోన్‌లో అందరి కుక్కా బంగారమే.

వనపర్తి_అమ్మ:

ఇక్కడ ఎప్పుడూ చదవడమే కానీ రాయను, ఇది చూసి ఉండలేక రాస్తున్నా. మా పక్కింట్లో అలాంటి పెద్ద కుక్కే ఉండేది. గేటు తీసి పెట్టేవాళ్లు, మూసుకోండి అని చెప్తే ఆ ఇంటాయన "ఏం చేయదక్కా, ఆడుకుంటది అంతే" అనేవాడు. ఏడేళ్ల మా బాబు బాల్ కోసం గేటు దాకా పోయాడు. చేతికి, భుజానికి 14 కుట్లు. రెండేళ్లయింది, ఇప్పటికీ వీధిలో కుక్క అరిస్తే నిద్రలో లేచి నన్ను పట్టుకుంటాడు.

ఒక్క విషయం మాత్రం అందరూ గుర్తు పెట్టుకోండి. అది చిన్నగా ఉన్నప్పుడు గుర్రుమనేది, గుర్రుమన్నప్పుడల్లా ఆయన చెప్పు తీసుకుని కొట్టేవాడు, బుద్ధి నేర్పుతున్నా అనేవాడు. కొన్నాళ్లకు గుర్రుమనడం మానేసింది. మా బాబును కరిచిన రోజు చిన్న చప్పుడు కూడా చేయలేదు. ఖర్చులకని రెండు వేలు చేతిలో పెట్టి కేసు పెట్టకండి అన్నాడు, మావాడు ఎలా ఉన్నాడని మాత్రం ఒక్క రోజూ అడగలేదు.

పశువుల_డాక్టర్ (మిర్యాలగూడ):

అమ్మా, మీ బాబు విషయం చదివి బాధేసింది. మీరు చెప్పింది అక్షరాలా నిజం. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక, దాన్ని కొట్టి మాన్పిస్తే హెచ్చరిక పోతుంది, కోపం భయం అలాగే ఉంటాయి. గుర్రుకు ముందే ఇంకొన్ని కనిపిస్తాయి. ఒళ్లు బిగుసుకుపోవడం, తల తిప్పకుండా కనుగుడ్డు మాత్రం పక్కకు తిప్పడంతో తెల్లగుడ్డు కనబడటం, నిద్ర రాకపోయినా ఆవలించడం, మాటిమాటికీ మూతి నాక్కోవడం. తోక ఊపుతోంది కదా అని దగ్గరికి పోకండి, బిగదీసి ఊపే తోక స్నేహం కాదు.

రైతుగారూ, నిషేధం సంగతి ఇది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది, అందులో రాట్‌వీలర్ కూడా ఉంది, ఇప్పటికే ఇళ్లల్లో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని కూడా ఉంది. సంబంధం ఉన్నవాళ్ల మాట వినకుండా ఇచ్చారని ఏప్రిల్‌లోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. జాతి ఏదైనా సరే, జాగ్రత్త తీసుకోక మీ కుక్క మనిషికి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. కోతకు ఇరవై మంది వచ్చే తోటలో ఈ మాట మనసులో పెట్టుకోండి.

జాతి గురించి ఒక చిన్న మాట. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును చంపినవి వీధి కుక్కలు. కాబట్టి జాతి కుక్క కాకపోతే భయం లేదనీ అనుకోవద్దు. చిన్నపిల్లలను ఏ కుక్కతోనూ, ఇంట్లో పుట్టిపెరిగిన దానితోనైనా, ఒంటరిగా వదలకూడదు.

ఎవరికైనా కాటు పడితే, కుక్కకు టీకాలు వేయించామన్న ధైర్యంతో కూర్చోకండి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకుండా ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ రేబిస్‌ను వెంటనే అడ్డుకునే మందు (సీరం) కూడా వేయాలి. రెండు సూదులయ్యాక మానేసేవాళ్లను చాలామందిని చూశాను, దయచేసి మానకండి.

మీ అవసరం కేబుల్ దొంగల గురించి కదా, మీకు కావలసింది మొరిగే కుక్క, కరిచే కుక్క కాదు. మన ఊరి కుక్కపిల్లలను రెండింటిని తెచ్చి, టీకాలు, ఆపరేషన్ చేయించి, పాపతో, కూలీలతో కలిసి పెరగనివ్వండి. ఎండకు తట్టుకుంటాయి, అలికిడైతే తోటంతా లేపుతాయి. మోటారు దగ్గర ఒక సోలార్ లైటు పెట్టండి.

బత్తాయి_రైతు (నల్గొండ):

నాలుగు రోజులు ఆలస్యమైంది, క్షమించాలి. ఆదివారం బావ వాళ్లింటికి పోయి వచ్చాను. అన్న చెప్పినట్టే గిన్నె దగ్గర చూశాను. అది తింటుంటే మా మేనకోడలు నాలుగడుగుల దూరం నుంచి నడిచి పోయింది, అంతే, తినడం ఆపి కొయ్యలా బిగుసుకుపోయింది, డాక్టర్ గారు చెప్పిన తెల్లగుడ్డు స్పష్టంగా కనిపించింది. బావ "అది ఎప్పుడూ అంతే" అన్నాడు. అప్పుడు మా అక్క పక్కకు పిలిచి చెప్పింది, చలికాలంలో అది పనామె చేయి కరిచిందట, అపార్ట్‌మెంట్ గొడవ దాని గురించేనట. నాకు ఫోన్‌లో ఈ ముక్క చెప్పలేదు.

నేను తీసుకురావడం లేదు. అమ్మకు అదే చెప్పాను. కానీ కుక్కను చూస్తే పాపం అనిపించింది, పొద్దున్నుంచి రాత్రి దాకా ఇరుకు బాల్కనీలోనే ఉంటుంది, బావ ఇప్పుడు ఏదో ఫామ్‌హౌస్ వాళ్లకు ఇచ్చేస్తా అంటున్నాడు. కరిచిన విషయం వాళ్లకూ చెప్పడేమోనని టెన్షన్‌గా ఉంది.

పాలమూరు_రాటీ (జడ్చర్ల):

ఇవ్వనియ్యకు. చెప్పకుండా ఇస్తే అక్కడ ఇంకో పనామె, ఇంకో పిల్ల. బావ నంబర్ నాకు మెసేజ్ పెట్టు, వచ్చే ఆదివారం నేనే పోయి చూస్తా. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, చుట్టూ ఏడడుగుల గోడ, రెండు గేట్లు ఉన్నాయి. తీసుకుంటానని మాట ఇవ్వడం లేదు, మా ఆడకుక్కతో ఎలా ఉంటుందో కూడా చూడాలి. టీకాల పుస్తకం తీసి పెట్టమను, పనామెను కరిచిన రోజు సరిగ్గా ఏం జరిగిందో మీ అక్కనే నాతో మాట్లాడమను. నేను వచ్చే రోజు దానికి పొద్దున్నే తిండి పెట్టొద్దని చెప్పు, మూతికి చిక్కం నేను తెస్తా.